ఆబోతు అందం, కూతుళ్ల పాలు

పల్నాడులోనూ ప్రకాశంలోనూ తిరునాళ్లకు బండలాగుడు పోటీలు పెట్టినప్పుడు, రెండు పళ్ల విభాగం మొదలుకొని సీనియర్ విభాగం దాకా ఏ జత ఎన్ని అడుగులు లాగిందో తడుముకోకుండా చెప్పగలిగే రైతులు ఊరూరా కనిపిస్తారు. గెలిచిన గిత్త ఏ ఆవుకు పుట్టింది, దాని తండ్రి ఎవరి దొడ్లో పెరిగింది, ఆ తండ్రికి పుట్టిన మిగతా కోడెలు ఎక్కడెక్కడ ఉన్నాయి అన్న వివరాలన్నీ వారికి కంఠతా వచ్చు. అదే రైతు తన పాడిగేదె ఎదకు వచ్చిన రోజున ఆసుపత్రికి తోలుకొచ్చి, కృత్రిమ గర్భధారణ సూది వేయించి, ఏ దున్నపోతు వీర్యం వేశారన్న మాటైనా అడగకుండా ఇంటికి తోలుకుపోతాడు. పశువైద్యునిగా పల్లెల్లో తిరిగినంత కాలం ఈ తేడా నన్ను బాధపెడుతూనే ఉంది. లాగుడు గిత్త విషయంలో వంశాన్ని అంత పట్టించుకునే మనం పాడి విషయంలో ఎందుకు పట్టించుకోవడం లేదో, అందువల్ల ఏం పోగొట్టుకుంటున్నామో వివరంగా రాయాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

బండలాగే బలం గిత్తలోనే కనిపిస్తుంది కాబట్టి, దాన్ని కళ్లారా చూసి ఎంచుకోవచ్చు. పాలు అలా కాదు. ఆబోతు పాలివ్వదు, కానీ తన కూతుళ్లు ఎన్ని పాలిస్తాయో నిర్ణయించే జన్యువుల్లో సగం దాని దగ్గరే ఉంటాయి. నెల్లూరు గొర్రెల మందను గమనించినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఆ జాతిలో పొట్టేళ్లకు కొమ్ములుంటాయి, ఆడగొర్రెలు బోడివి. అయినా ఆ బోడి గొర్రెకు పుట్టిన మగపిల్లకు కొమ్ములు వస్తున్నాయంటే, కొమ్ముల జన్యువులు తల్లిలోనూ ఉన్నాయనీ, ఆడ శరీరంలో అవి బయటపడలేదనీ అర్థం. పాల జన్యువులు ఆబోతులో దాగి ఉండటం కూడా అటువంటిదే. కాబట్టి దున్నపోతు ఒంటి నిగారింపు, కొమ్ముల మెలిక, ఛాతీ వెడల్పు చూసి దాని కూతుళ్ల పొదుగును ఊహించడానికి వీల్లేదు.

ఆవు శరీరంలోని ప్రతి కణంలో 60 క్రోమోజోములు, అంటే 30 జతలు ఉంటాయి. మన ముర్రా వంటి గేదెల్లో ఇవి 50, అంటే 25 జతలు. అండంలోకీ వీర్యకణంలోకీ ప్రతి జతలో నుంచి ఒక్కొక్కటే వెళుతుంది. ఏది వెళుతుందన్నది పూర్తిగా యాదృచ్ఛికం. 25 జతల నుంచి ఇలా ఒక్కొక్కటి ఎంపికైతే 3 కోట్ల 35 లక్షలకు పైగా వేర్వేరు కలయికలు ఏర్పడవచ్చు. క్రోమోజోములు తమలో తాము ముక్కలు మార్చుకోవడాన్ని లెక్కలోకి తీసుకోకుండానే ఇంత వైవిధ్యం ఉంది. ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టిన రెండు పడ్డల్లో ఒకటి పది లీటర్లు, రెండోది ఆరు లీటర్లు ఇస్తే అందులో వింతేమీ లేదు. ఒక్క కూతుర్ని చూసి తండ్రిని మెచ్చుకోవడమూ, ఒక్క కూతుర్ని చూసి తండ్రిని తీసిపారేయడమూ రెండూ పొరపాటే.

దూడ ఆడో మగో తేల్చేది కూడా తండ్రి వీర్యకణమే. వరసగా దున్నదూడలే ఈనుతోందని మంచి పాడిగేదెను సంతకు తోలేసిన ఇళ్లు నాకు తెలుసు. ఆ గేదె ఏ పాపమూ ఎరగదు.

కొమ్ముల ఆకారం, చర్మం రంగు, నుదుటి మీద చుక్క వంటి లక్షణాలు కొద్దిపాటి జన్యువుల అదుపులో ఉంటాయి కనుక రెండు మూడు తరాల్లోనే వాటిని మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. పాల దిగుబడి వెనుక అలా ఒకటో రెండో జన్యువులు లేవు. వేలాది జన్యువులు ఒక్కొక్కటి రవ్వంత ప్రభావం చూపగా, వాటి మొత్తానికి మేత, నీరు, ఎండ, జబ్బు, పితికే చేయి అన్నీ కలిసి చివరి లెక్క తేలుతుంది. ఒక మందలోని పశువుల మధ్య కనిపించే పాల తేడాల్లో ఎంత భాగం జన్యువుల వల్ల తరువాతి తరానికి అందుతుందో చెప్పే కొలతను అనువంశికత అంటారు. పాల దిగుబడికి ఇది ఇంచుమించు 25 నుంచి 30 శాతం. వెన్న శాతానికి అంతకంటే బాగా ఎక్కువ. సకాలంలో ఎదకు రావడం, చూడి నిలవడం వంటి పునరుత్పత్తి లక్షణాలకు మాత్రం 10 శాతం కూడా ఉండదు. చూడి నిలవని గేదెల బాధ తీరడానికి వంశాన్ని మార్చడం కన్నా మేత, ఖనిజ లవణాలు, ఎద గుర్తించే శ్రద్ధ ముందుగా అవసరమని చెప్పడానికి ఈ చిన్న అంకే ఆధారం.

ఈ అనువంశికతను ఒక లెక్కలో పెట్టి చూద్దాం. ఒక మందలో గేదెలు ఈతకు సగటున 1800 లీటర్లు ఇస్తున్నాయనీ, వాటిలో 2400 లీటర్లు ఇచ్చేవాటిని మాత్రమే తల్లులుగా ఎంచుకున్నామనీ అనుకుందాం. సగటు కన్నా అవి 600 లీటర్లు ఎక్కువ. ఆ 600లో నాలుగో వంతు, అంటే 150 లీటర్లు మాత్రమే జన్యువుల ఆధిక్యం; మిగిలినదంతా మేత వల్లనో, మంచి ఏడాది వల్లనో, అదృష్టం వల్లనో కలిసివచ్చింది. తండ్రి సాధారణమైనదైతే ఆ 150లో కూడా సగమే కూతుళ్లకు అందుతుంది కాబట్టి వాటి సగటు 1875 దగ్గర నిలుస్తుంది. తల్లులను మాత్రమే ఎంచుకుంటూ పోతే ఒక తరానికి దక్కే లాభం ఇంతే. పైగా గేదె జీవితం మొత్తంలో ఈనేది కొద్ది దూడలనే, అందులోనూ మన మందలో నిలుపుకోగలిగేవి ఇంకా తక్కువ. అదే వీర్య కేంద్రంలో ఉన్న ఒక ఆబోతు నుంచి ఏడాదికి వేల సంఖ్యలో మోతాదులు తయారవుతాయి. ఎంపికలోని బలమంతా తండ్రి వైపు ఎందుకు ఉందో దీనిని బట్టి తెలుస్తుంది.

మరి పాలివ్వని తండ్రిని ఎలా అంచనా వేయాలి? తల్లి పాలను బట్టి అన్నది పాత పద్ధతి. అనువంశికత 25 శాతం ఉన్నప్పుడు తల్లి ఒక్క ఈత పాలను ఆధారం చేసుకుని కొడుకు విలువను అంచనా వేస్తే, ఆ అంచనా ఖచ్చితత్వం ఒకటికి 0.25 మాత్రమే. పది మంది కూతుళ్ల పాలు కొలిస్తే అది 0.63కు చేరుతుంది, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు ఇళ్లలో ఉన్న యాభై మంది కూతుళ్ల పాలు కొలిస్తే 0.88 వరకు వెళుతుంది. దీనినే సంతాన పరీక్ష అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులోని డిష్లీలో రాబర్ట్ బేక్‌వెల్ తన పొట్టేళ్లను అమ్మకుండా ఇతర రైతులకు అద్దెకిచ్చి, ఎవరి మందలో ఎటువంటి పిల్లలు పుట్టాయో చూసి మంచివాటిని తిరిగి తన మందకు వాడుకున్నాడు. గణితం తోడు కాకముందే ఈ ఆలోచనలోని సారం ఆయనకు పట్టుబడింది.

ఈ పరీక్షకు ఉన్న పెద్ద ఇబ్బంది కాలం. దున్నపోతు వీర్యం వేశాక పది నెలలకు దూడ పుడుతుంది, ఆ పడ్డ ఈనడానికి మన పల్లెల్లో మూడున్నర నాలుగేళ్లు పడుతుంది, ఆ తరువాత 305 రోజుల పాల లెక్క పూర్తి కావాలి. అప్పటికి దున్నపోతు వయసు ఎనిమిదేళ్లు దాటిపోతుంది. అదృష్టవశాత్తు దాని వీర్యం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో చెడకుండా ఉంటుంది. అందుకే కూతుళ్ల లెక్క తేలిన తరువాత, దున్నపోతు చనిపోయినా సరే, మంచిదని రుజువైన వీర్యాన్ని వాడుకోవచ్చు. కానీ ఆ కూతుళ్లు ఎవరి కూతుళ్లో రాసి ఉంటేనే కదా ఇదంతా సాధ్యమయ్యేది!

ఇక్కడే వీర్యం నింపి ఉంచే స్ట్రా గురించి చెప్పాలి. సన్నని ఆ ప్లాస్టిక్ గొట్టంలో పావు మిల్లీలీటరు వీర్యం ఉంటుంది. ద్రవ నత్రజని క్యాన్ లోంచి పట్టకారుతో తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అర నిమిషం ఉంచి, తడి లేకుండా తుడిచి, చివర కత్తిరించి, గర్భంలోకి వీర్యం వేసే గన్నులో ఎక్కిస్తారు. తుడిచేటప్పుడు వేళ్ల మధ్య దానిని తిప్పి చూస్తే సన్నని అక్షరాలు కనిపిస్తాయి: జాతి, దున్నపోతు నంబరు, వీర్య కేంద్రం గుర్తు, తయారైన తేదీ. నంద్యాలలోనో బనవాసిలోనో కరీంనగర్‌లోనో ఎవరో శ్రద్ధగా అచ్చు వేసిన ఆ నంబరు, సూది వేసిన మరుక్షణం ఖాళీ గొట్టంతో పాటు పేడకుప్పలోకి పోతుంది. పశువు చెవికి 12 అంకెల పోగు వేసి, గర్భధారణ వివరాలను కంప్యూటరులో ఎక్కించే ఏర్పాటు దేశమంతటా వచ్చింది, నిజమే. అయినా పోగు ఊడిపోయిన పశువులు, ఎక్కించని సూదులు, ఊరి దున్నతో దాటించుకున్న గేదెలు చాలా ఉన్నాయి కనుక రైతు తన చేతిరాతతో ఒక లెక్క ఉంచుకోవడం ఇప్పటికీ అవసరమే. ఒక రైతు తన పశువుల పాక గోడకు వేలాడే క్యాలెండరులో, సూది వేసిన తేదీ గడిలోనే దున్నపోతు నంబరు రాయించుకునేవాడు. పాత క్యాలెండర్లను పారేయకుండా కట్టగట్టి అటక మీద దాచేవాడు. ఆ ఇంటి పడ్డకు తండ్రి ఎవరో, ఏ నంబరు వీర్యం మళ్లీ దానికే వేయకూడదో చెప్పడానికి నాకు ఆ కట్ట ఎన్నోసార్లు పనికివచ్చింది.

ఇక పద్ధతుల సంగతి. మన నాటు గేదెలకు తరతరానికీ ముర్రా వీర్యం వేయిస్తూ పోవడాన్ని గ్రేడింగ్ అప్ అంటారు. మొదటి తరం దూడలో ముర్రా రక్తం 50 శాతం, తరువాత 75, ఆపైన 87.5, నాలుగో తరంలో 93.75. గేదెకు ఒక తరం గడవడానికి నాలుగున్నర, అయిదేళ్లు పడుతుంది కాబట్టి ఇది ఇంచుమించు ఇరవయ్యేళ్ల పని. కోస్తాలోనూ తెలంగాణలోనూ ఈ పని చాలావరకు జరిగిపోయింది. ఈనాడు ఊరి మధ్య నిలబడి చూస్తే మెలితిరిగిన కొమ్ముల గ్రేడెడ్ ముర్రాలే ఎక్కువగా కనిపిస్తాయి. అయితే రక్తం శాతం పెరిగితే పాలు వాటంతటవే పెరుగుతాయనుకోవడం సరికాదు. ముర్రా జాతిలోనే గొప్ప దున్నలూ ఉన్నాయి, నాసిరకం దున్నలూ ఉన్నాయి. 90 శాతం దాటిన తరువాత జాతి పేరు వల్ల కొత్తగా ఒరిగేదేమీ ఉండదు. అక్కడి నుంచి ఏ దున్నపోతు అన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

హర్యానా వెళ్లి లక్షలు పోసి గేదెలు తెచ్చుకునేవారికి కూడా ఒక మాట చెప్పాలి. రోహ్‌తక్ సంతలో పూటకు ఎనిమిది లీటర్లు పితికి చూపిన గేదె మన ఎండలో, మన ఎండుగడ్డి మీద అంతే ఇవ్వకపోతే అమ్మినవాడు మోసం చేశాడని వెంటనే అనుకోనక్కరలేదు. జన్యువులు మారలేదు, పరిసరాలు మారాయి. కొన్నది జన్యువుల కోసమే అయితే ఆ గేదెకు మన దగ్గర పుట్టే పడ్డల మీద శ్రద్ధ పెట్టాలి.

ఆవుల్లో సంకరం వేరే కథ. నాటు ఆవుకు జెర్సీ వీర్యం వేయిస్తే పుట్టే మొదటి తరం పెయ్య తల్లిదండ్రుల సగటు కన్నా మెరుగ్గా ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన జన్యువూ తండ్రి నుంచి వచ్చిన జన్యువూ ప్రతిచోటా వేర్వేరుగా ఉండటంతో, ఒకదాని లోపాన్ని మరొకటి కప్పిపుచ్చడం వల్ల కలిగే ఈ అదనపు బలాన్ని సంకర తేజం అంటారు. పాలకన్నా ఆరోగ్యంలో, చూడి నిలవడంలో, దూడలు బతకడంలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి తరం ఆవును మొదటి తరం ఆబోతుతోనే కలిపితే ఆ తేజం సగానికి పడిపోతుంది. ఆ ఆవుకు మళ్లీ మళ్లీ జెర్సీయే వేయిస్తే విదేశీ రక్తం 75, 87.5 శాతాలకు ఎక్కి, మే నెల ఎండకు నాలుక బయటపెట్టి రొప్పే ఆవు, పిడుదుల వల్ల వచ్చే థైలేరియా జ్వరానికి తట్టుకోలేని ఆవు తయారవుతుంది. విదేశీ రక్తాన్ని 50 నుంచి 62.5 శాతం మధ్య ఆపాలన్న సిఫారసు వెనుక ఉన్న కారణం ఇదే. ఆపడమంటే మరో సంకర ఆబోతు వీర్యం వేయించాలి, లేదా ఒకసారి దేశవాళీ వైపు తిరగాలి; రెండింటికీ ఆ ఆవులో ఇప్పుడు ఎంత రక్తం ఉందో తెలియాలి. తల్లికి ఏం వేశారో రాయకపోతే రైతుకు తెలిసే మార్గం లేదు. సంకరజాతి వనరాజా కోళ్లు తెచ్చుకుని, వాటి గుడ్లను నాటు పెట్ట కింద పొదిగించి, పిల్లలు తల్లుల్లా లేవని బాధపడే ఇల్లాళ్ల అనుభవమూ ఈ సూత్రానికే చెందుతుంది.

దగ్గరి రక్తం కలవడం గురించి కొంచెం ఎక్కువగానే రాయాలి, ఎందుకంటే ఎవరి కంటికీ కనిపించకుండా జరిగే నష్టం ఇది. తండ్రినీ కూతురినీ కలిపితే పుట్టిన దూడలో అంతఃప్రజననం 25 శాతం, ఒకే తండ్రికి వేర్వేరు తల్లుల ద్వారా పుట్టినవాటిని కలిపితే 12.5 శాతం. ప్రతి పశువులోనూ దాగి ఉండే చెడు జన్యువులు, రెండు వైపుల నుంచీ ఒకేసారి వచ్చినప్పుడు బయటపడతాయి. పిల్లలు తక్కువ బరువుతో పుట్టడం, పాలు తగ్గడం, ఈతకూ ఈతకూ మధ్య ఎడం పెరగడం దాని గుర్తులు. వీటిని రైతు మేత లోపమనో దిష్టి అనో అనుకుంటాడు. గొర్రెల మందల్లో ఇది మరీ ఎక్కువ. మందలో పుట్టిన పొట్టేలుపిల్ల బాగా ఎదిగిందని దానినే విత్తనానికి వదిలితే, తల్లినీ అక్కచెల్లెళ్లనూ అదే దాటుతుంది. పాతిక ముప్పై గొర్రెలకు ఒక పొట్టేలు చొప్పున ఉంచి, రెండేళ్లకోసారి దూరపు ఊరి మందతో పొట్టేలును మార్చుకుంటే పైసా ఖర్చు లేకుండా ఈ నష్టం తప్పుతుంది. మా ప్రాంతంలో వియ్యంకుల మధ్య పొట్టేళ్లను మార్చుకునే కాపరులను చూశాను. అంతకు మించిన పద్ధతిని ఏ శాస్త్రవేత్తా చెప్పలేడు.

వీర్య కేంద్రాల వల్ల కూడా ఇటువంటి ప్రమాదం వస్తుందని హోల్‌స్టీన్ అనే విదేశీ పాడి ఆవుల జాతి చరిత్ర చెబుతుంది. 1952లో అమెరికాలో పుట్టిన ఆస్బర్న్‌డేల్ ఐవన్‌హో అనే ఆబోతులో, తెల్ల రక్తకణాలు రోగక్రిములపై పోరాడలేకుండా చేసే ఒక జన్యులోపం దాగి ఉండేది. దాని సంతతి పాలలో మేటి కావడంతో వాటి వీర్యం ప్రపంచమంతటా పాకింది, లోపమూ దానితోనే పాకింది. రెండు వైపులా ఆ లోపాన్ని మోసేవే కలిసినచోట నాలుగు దూడల్లో ఒకటి చొప్పున జబ్బుల పాలై చనిపోతుంటే, కారణమైన జన్యువును 1990ల తొలినాళ్లలో గుర్తించారు. ఈనాడు మన వీర్య కేంద్రాలు కూడా హోల్‌స్టీన్ రక్తమున్న ఆబోతులకు ఈ లోపం లేదని పరీక్షించాకే వాడుతున్నాయి.

జన్యువును పనిగట్టుకుని తెచ్చుకున్న మంచి ఉదాహరణ కూడా ఒకటి ఉంది. సుందర్బన్స్ ప్రాంతపు గరోల్ గొర్రె చిన్నదే అయినా ఈతకు రెండు మూడు పిల్లలను వేస్తుంది. ఆ గుణం ఫెక్‌బి అనే ఒక్క జన్యువు వల్ల వచ్చిందని తేలడంతో, మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో ఉన్న నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థవారు దానిని దక్కనీ గొర్రెల్లోకి తెచ్చి, ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ పరీక్షతో ఆ జన్యువున్నవాటిని ఎంచుకుంటూ, ఒడ్డూపొడవూ దక్కనీ వైపు తిప్పుకుంటూ వచ్చి నారి సువర్ణ అనే గొర్రెను రూపొందించారు. పాలను ఇలా ఒక్క జన్యువుతో పట్టుకోలేమని ముందే చెప్పుకున్నాం.

పాల వంటి లక్షణాలకు వచ్చిన కొత్త మార్గం జన్యుచిప్. దూడ పుట్టగానే వేల చోట్ల దాని డీఎన్‌ఏను చదివి, పెద్దయ్యాక దాని కూతుళ్లు ఎలా ఉంటాయో అంచనా వేస్తారు. అమెరికా హోల్‌స్టీన్లలో ఇది 2009 నుంచి అధికారికంగా అమలులో ఉంది. మన దేశంలో ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ 2024లో వచ్చాయి. ఎనిమిదేళ్ల నిరీక్షణ తగ్గుతుంది కనుక దీనిపై నాకు చాలా ఆశ ఉంది. అయితే ఏ డీఎన్‌ఏ ఉన్న గేదె ఎన్ని పాలిస్తుందో చిప్‌కు మనమే నేర్పాలి. అందుకు వేలాది గేదెల తండ్రి పేరూ కొలిచిన పాలూ కావాలి. ఒంగోలు జాతి మన దగ్గరి నుంచి వెళ్లి బ్రెజిల్‌లో నెలోర్‌గా ఎదగడానికి అక్కడి విశాలమైన పచ్చిక ఒక కారణమైతే, దూడల బరువులు తూచి, ఆబోతుల విలువలను పట్టికలుగా అచ్చు వేసిన క్రమశిక్షణ మరో కారణం.

పాల లెక్క రోజూ రాయనక్కరలేదు. నెలకొకసారి ఒకే తేదీన ఉదయం, సాయంత్రం రెండు పూటల పాలనూ దూడ తాగేదానిని వదిలేసి కొలిచి, ఆ మొత్తాన్ని ముప్పైతో హెచ్చవేసి, పది నెలలూ కూడితే ఈత పాలు దాదాపుగా తేలుతాయి. పాల కేంద్రానికి పాలు పోసే ఇళ్లలో అదే రోజు వెన్న శాతం చీటీ కూడా దాచుకోవాలి, ఎందుకంటే పాలు పెరిగే కొద్దీ వెన్న శాతం తగ్గే స్వభావం జన్యువుల్లోనే ఉంది, మనకు డబ్బు వచ్చేదేమో వెన్నను బట్టి. ఇలా లెక్క ఉన్న మంచి గేదెకు దున్నదూడ పుడితే దానిని పాలకు కరువు చేసి చంపుకోవడం మన పాడిలో జరుగుతున్న అతి పెద్ద నష్టమని నేను నమ్ముతున్నాను. పెయ్యకు రెండు చన్నులు వదిలే చేతులే దున్నదూడను మొదటి నెలలోనే గుంజ నుంచి దూరంగా లాగేస్తాయి. వానాకాలంలో ఏలికపాములకూ పారుడుకూ అటువంటి దూడలే ముందు పోతాయి. వీర్య కేంద్రాలకు కొత్త దున్నపోతులు రావలసింది ఆ గేదెల కడుపు నుంచే. తల్లి పాల లెక్క, తండ్రి నంబరు, రెండూ చేతిలో ఉన్న దున్నదూడ ఇంట్లో ఉన్నవారు దానికి మూడు నెలల దాకా కడుపు నిండా పాలు తాగించి, మొదటి పది రోజుల్లోనే నట్టల మందు పట్టించి, అమ్మే ముందు ఒకసారి పశువుల ఆసుపత్రిలో చూపించండి. తల్లిదండ్రులు ఎవరో డీఎన్‌ఏతో సరిచూసి, క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి రోగాలు లేవని తేలితే విత్తనపు దున్నగా తీసుకునే అవకాశం దానికి ఉంది.